త్రిశలామాత కలవరము: గర్భిణులకు, ఇంటివారికి ఒక పాఠము

కల్పసూత్రములో ఒక ఘట్టము కలదు. తన కదలికచే తల్లికి బాధ కలుగునేమో యని వర్ధమాన స్వామి గర్భములో నిశ్చలముగా నుండెను. కదలిక తెలియక త్రిశలాదేవి తల్లడిల్లెను. రాజభవనములో సంగీతము ఆగిపోయెను. తల్లి దుఃఖమెరిగి శిశువు కదలిన పిమ్మటనే ఆమె మనస్సు కుదుటపడెను. తలిదండ్రులు జీవించియున్నంతవరకు దీక్ష గైకొననని స్వామి సంకల్పించినది అప్పుడే.

పర్యూషణములో ఈ కథ వినని యిల్లు అరుదు. అందు గమనింపదగినది ఒకటున్నది. ఆ తల్లి భయమును ఇంటివారు తేలికగా తీసిపారవేయలేదు. ఇండ్లలో కావలసినది ఆ గుణమే.

సాధారణముగా అయిదవ నెలలో బిడ్డ కదలిక తెలియును. తరువాతి నెలలలో అది తగ్గినను, ఆగినను ఆ దినముననే డాక్టరు చూడవలెను. "బిడ్డ నిద్రపోవుచున్నది, రేపు చూతము" అనరాదు. ఆలస్యము చేయరాని తక్కిన గురుతులు ఇవి:

1. ఏ నెలలోనైనను రక్తము కనబడుట. కొంచెమైనను, నొప్పి లేకున్నను ఉపేక్షింపరాదు.

2. విడువని తలనొప్పి, కండ్లు మసకలు కమ్ముట, ముఖము, చేతులు హఠాత్తుగా ఉబ్బుట. రక్తపోటు 140/90గాని, అంతకు మించిగాని యున్నచో మూర్ఛకు దారితీయవచ్చును. సాయంకాలము పాదములు కొంచెము వాచుట చాలమందికి సహజమే. ముఖము వాచుట వేరు.

3. జ్వరము, తీవ్రమైన కడుపునొప్పి, కూర్చున్నను తగ్గని ఆయాసము.

4. నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవుట.

5. నీరు కూడ నిలువని వాంతులు.

ఉపవాసము తలపెట్టు గర్భిణి ముందుగా డాక్టరును అడుగవలెను. సూర్యాస్తమయమైనదని అత్యవసరమైన మందును ఆపరాదు. రెండు ప్రాణములను కాపాడుటయు అహింసయే.

గోపాలపూర్ నుండి బరంపురము సుమారు 16 కిలోమీటర్లు. అక్కడ 1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి గలదు. 108కి ఫోను చేసిన అంబులెన్సు వచ్చును. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. దారి దూరము కాదు. ఆలస్యము తరచుగా ఇంటిలోనే జరుగును. కోడలు సిగ్గుపడి చెప్పదు, అత్తగారు "మా కాలములో ఇవన్నియు లేవా?" అందురు, మగవారు దుకాణము కట్టి వచ్చుసరికి రాత్రియగును.

కనుక ఏడవ నెలకు ముందే మూడు సంగతులు నిర్ణయించుకొనవలెను: ఏ ఆసుపత్రికి పోవలెను, వెంట ఎవరు పోవలెను, బండికి, ఖర్చునకు సొమ్ము ఎక్కడ నుంచవలెను. పరీక్షల కార్డు ఆ సొమ్ముతోనే యుండవలెను. లెక్కల పుస్తకము ఒక దినము ఆగినను నష్టము లేదు. గర్భిణి "ఏదో తేడాగా నున్నది" అనిన మాట మాత్రము ఆగరాదు.