ఎకరం గడ్డికి ఏ బండి?

ప్రశ్న: డాలస్ శివార్లలో ఎకరం స్థలమున్న ఇల్లు కొన్నాం. పెరడు వెనక కాలువ వైపు వాలుగా ఉంటుంది. కూర్చుని నడిపే గడ్డి కోత బండ్లలో జీరో టర్న్ మంచిదా, లాన్ ట్రాక్టరా?

జవాబు: ఆ వాలును బట్టే తేల్చుకోవాలండీ. జీరో టర్న్‌కు స్టీరింగ్ బదులు రెండు లీవర్లు ఉంటాయి. వెనక చక్రాలు విడివిడిగా తిరుగుతాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. అందుకే చెట్ల చుట్టూ ఉన్నచోటే తిరిగేస్తుంది, పని త్వరగా తెములుతుంది. కానీ వాలులో వెనక చక్రాలు జారాయంటే మలుపూ, బ్రేకూ రెండూ చేతిలో ఉండవు. కాలువ పక్కన అది ప్రాణాంతకం. లాన్ ట్రాక్టర్‌లో ముందు చక్రాలు స్టీరింగ్ మాట వింటాయి కాబట్టి మీకు అదే నయం. 42 అంగుళాల కోత వెడల్పు సరిపోతుంది. కొనేముందు పెరటి గేటు మాత్రం కొలుచుకోండి. ఇంజిన్ వెనకుండే చిన్న బండ్లు అరెకరం లోపు వాళ్లకు.

వాలులో అడ్డంగా కాకుండా పైకీ కిందికీ నడపండి, అదీ గడ్డి ఆరాకే. పిల్లల్ని సరదాకైనా ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. దయచేసి ఈ ఒక్కమాట మరవకండి.

పదడుగుల దూరానికి రెండున్నర అడుగులకు మించి పల్లముంటే, అంటే సుమారు 15 డిగ్రీలు దాటితే, ఏ బండీ దింపకండి. గట్టు అంచు విరుగుతున్నా అంతే. ఆ ముక్క వరకు ల్యాండ్‌స్కేపింగ్ పనివాళ్లను పిలిపించి చూపించండి.