బిడ్డను వీపున వేసుకుని కొండెక్కేవాళ్లకు

అలిపిరి మెట్ల దారిలో ఈమధ్య ఫ్రేము ఉన్న బేబీ క్యారియర్లు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. విదేశాల నుంచి సెలవులకు వచ్చిన మన పిల్లలే ఎక్కువగా తెస్తుంటారు. మా మనవరాలిని అందులో కూర్చోబెట్టుకుని ఆ మెట్లెక్కాను. వాషింగ్టన్ రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు మౌంట్ రెయినియర్ కొండదారుల్లోనూ మోశాను. కొనబోయేవాళ్లు ముందుగా ఏ కంపెనీది మంచిదని అడుగుతారు. మోసేవాళ్ల నడుముకు అది పట్టుగా కూర్చుంటుందా, బిడ్డ తొడలకు ఆసరా ఇస్తుందా అన్నవి చూసుకున్నాకే కంపెనీ సంగతి.

1. నెలలు లెక్కపెట్టడంకన్నా బిడ్డ కూర్చోవడం చూడండి. ఎవరూ పట్టుకోకుండా తనంతట తాను కూర్చుని, తల నిలకడగా నిలిపే బిడ్డకే ఈ క్యారియర్. చాలామందికి అది అన్నప్రాశన నాటికి వస్తుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. తొందరపడకండి. సందేహముంటే పిల్లల డాక్టరును అడగండి. అంతదాకా గుడ్డ క్యారియర్‌లో బిడ్డను ఎదకు హత్తుకుని నడవడమే క్షేమం. అప్పుడైనా బిడ్డ ముఖం మీకు కనబడుతుండాలి, గడ్డం ఛాతీకి ఆనుకోకూడదు.

2. బరువు కూడి చూసుకోండి. ఉదాహరణకు ఆస్ప్రే కంపెనీ పోకో క్యారియర్ తీసుకుంటే దాని పరిమితి 22 కిలోలు. బిడ్డ, సామాను, క్యారియర్ సొంత బరువు అన్నీ అందులోనే. క్యారియరే సుమారు మూడున్నర కిలోలు. రెండేళ్ల బిడ్డ 12 కిలోలుంటే పదిహేనున్నర అయింది. రెండు లీటర్ల నీళ్లు, డైపర్లు, మార్చే బట్టలు, తినే డబ్బా పెట్టేసరికి 19 దాటుతుంది. కాబట్టి జేబులు ఎక్కువున్నాయని మురిసిపోకండి, జేబు ఉంటే నింపుతాం. అలిపిరిలో అయితే టీటీడీ వాళ్లే సామాను తీసుకుని ఉచితంగా పైకి చేరుస్తారు. ఆ సౌకర్యం వాడుకోండి, బిడ్డకు కావలసినవి మాత్రం దగ్గరుంచుకోండి.

3. బరువు తుంటి మీద పడాలి, భుజాల మీద కాదు. అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఇదే. పట్టీలన్నీ వదులు చేసి క్యారియర్ వీపుకెత్తుకోండి. ముందు నడుము పట్టీ బిగించాలి. అది పొట్ట మీద కాదు, రెండు పక్కలా చేతికి తగిలే తుంటి ఎముకల మీద కూర్చోవాలి. తరువాత భుజం పట్టీలు, చివర భుజాల పైనుంచి ఫ్రేముకు వెళ్లే చిన్న పట్టీలు లాగండి. భుజం పట్టీ కింద వేళ్లు సులువుగా దూరాయంటే బరువు కిందకు దిగినట్టే. అలిపిరిలో మెట్లు 3,550, దూరం దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిటారుగా ఎక్కాలి, చివర్లో మోకాళ్ల పర్వతం ఉండనే ఉంది. భుజాలతో మోసేవాళ్లు గాలిగోపురం చేరకముందే ముందుకు వంగిపోతారు, వెనక బిడ్డ కూడా వాలిపోతుంది.

ఇంట్లో మొగుడూ పెళ్లాం వంతులేసుకుని మోస్తారు కదా, ఇద్దరి వీపు పొడవూ ఒకటి కాదు. వీపు కొలత దారిలోనే నిమిషంలో మార్చుకునే వీలున్నదే కొనండి. పొట్టివాళ్లకు సరిపోయేదాకా దిగుతుందో లేదో దుకాణంలోనే చూడండి. చూడటానికి ఖాళీది పనికిరాదు. బిడ్డనే కూర్చోబెట్టి, లేదా పది కిలోల బియ్యం బస్తా కట్టి, అరగంట నడవండి.

4. బిడ్డ కూర్చునే తీరు. మోకాళ్లు పిరుదులకన్నా కాస్త ఎత్తులో, తొడలు మోకాలి దాకా ఆనుకుని ఉండాలి. పాదాలకు ఆనిక ఉంటే మరీ మంచిది. కాళ్లు వేలాడితే తిమ్మిరెక్కుతాయి, బిడ్డ ఊరికే ఏడవదు. కాళ్లు దూర్చే రంధ్రాలు మరీ పెద్దవి కాకూడదు. వాటిలోంచి చిన్నపిల్లలు జారిపోయే ప్రమాదముందని అమెరికాలో పేరున్న క్యారియర్లనే వెనక్కి పిలిపించారు. భుజాలు, నడుము, కాళ్ల మధ్య అన్నీ కలిపి పట్టే ఐదు పట్టీల బెల్టు తప్పనిసరి. నిద్రపోయినప్పుడు తల ఆనడానికి ముందువైపు మెత్తటి దిండు చూడండి.

5. కింద పెట్టేటప్పుడు జాగ్రత్త. అడుగున స్టాండు పూర్తిగా తెరుచుకుని, టక్కుమని లాక్ పడాలి. చదునైన నేల మీద తప్ప బల్ల మీద, మెట్టు మీద, పిట్టగోడ మీద పెట్టకండి. బిడ్డ అందులో ఉండగా చెయ్యి వదిలి ఫొటోలకు పోకండి. ఎత్తేటప్పుడు ముందు తొడ మీదకు, ఆ తరువాత వీపు మీదకు. పక్కన మరొకరు పట్టుకోవాలి.

6. మీరు నడుస్తారు, బిడ్డ కదలదు. మౌంట్ రెయినియర్ మీద ప్యారడైజ్ అనే చోటు 5,400 అడుగుల ఎత్తులో ఉంటుంది. జులైలో కూడా అక్కడ మంచు చూశాను. నాకు చొక్కా తడిసేంత చెమట, వెనక మనవరాలి పాదాలు మాత్రం చల్లబడి ఉన్నాయి. ప్యాంటు పైకి జరిగి, సాక్సుకూ దానికీ మధ్య పిక్కలు బయటపడ్డాయి. అప్పటినుంచి మోకాలి దాకా వచ్చే సాక్సులే. మన ఎండల్లో ఇబ్బంది దీనికి ఎదురు. ఎండకప్పు ఉన్నా లోపల ఉక్క పోస్తుంది. మెడ వెనక చేత్తో తాకి చూస్తూ, గంటకోసారైనా దింపి నీళ్లో పాలో పట్టి, కాళ్లు ఆడించుకోనివ్వాలి.

7. బిడ్డ తల మీ తలకన్నా పైన ఉంటుంది. చెట్టుకొమ్మ, గుమ్మం, మండపం కప్పు వచ్చినప్పుడు నడుము వంచకండి, మోకాళ్లు వంచండి.

8. జనంలో ఇది పనికిరాదు. క్యూలో, బస్సులో, రైలు తలుపు దగ్గర ఫ్రేము పక్కవాళ్లకు తగులుతుంది, వెనక ఏం జరుగుతోందో మీకు కనబడదు. దర్శనం క్యూకు వెళ్లేముందు బిడ్డను చంకకెత్తుకోండి, లేదా గుడ్డ క్యారియర్‌లోకి మార్చండి. పాడేరు, అరకు వైపు తల్లులు చీరముక్కతో బిడ్డను వీపుకు కట్టుకుని సంతకు పోతారు. ఒంటికి దగ్గరగా కట్టడం వాళ్లను చూసి నేర్చుకోవాలి. కారులో, విమానంలో ఈ క్యారియర్ బిడ్డ సీటుగా లెక్క కాదు. విమానంలో వెంట తీసుకెళ్లనిస్తారో, లగేజీలో వెయ్యమంటారో టికెట్ కొన్నప్పుడే అడగండి. అలిపిరి మెట్ల దారిలో పిల్లలతో నడిచేవాళ్లకు, 2023 ఆగస్టులో అక్కడ జరిగిన చిరుత దాడి తరువాత వేళల నిబంధనలు వచ్చాయి. బయలుదేరేముందు ప్రస్తుత వేళలు కనుక్కోండి.

9. వాడినది కొనడంలో తప్పు లేదు. చాలా ఇళ్లలో ఇది రెండేళ్లు వాడి అటకెక్కిస్తారు. కొనేముందు ప్రతి బకిల్ పెట్టి లాగి చూడండి, పట్టీల కుట్లు వేలితో తడమండి, స్టాండు వణుకుతుందేమో నొక్కి చూడండి. మోడల్ పేరు, తయారీ తేదీ తీసుకుని దాన్ని కంపెనీ వెనక్కి పిలిచిందేమో కనుక్కోండి. ఒక్క బకిల్ విరిగినా, ఇంకో రకం బకిల్ తెచ్చి కుట్టించకండి. అలాంటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.