చోటు తప్పిన ప్లీహం

ఎర్ర రక్తకణాల శ్మశానవాటిక ఏది? ప్లీహం. ఈ పరీక్ష బిట్ అందరికీ వచ్చు. అది చోటు తప్పితే ఏమవుతుందో మాత్రం చాలామంది చదవరు. పల్లెల్లో పెద్దలు ‘కడుపులో బల్ల’ అనేది ఉబ్బిన ప్లీహాన్నే, చోటు తప్పడం వేరు.

ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల చాటున ఉండే ఈ అవయవం పెద్దవారిలో సుమారు 150 గ్రాములు. దాన్ని జీర్ణాశయానికి, మూత్రపిండానికి కట్టి ఉంచే స్నాయువులు పుట్టుకతోనే లోపించినా, తర్వాత సాగినా అది పొత్తికడుపులోకి జారుతుంది. అదే ‘సంచార ప్లీహం’. చాలా అరుదు. పిల్లల్లో, 20-40 ఏళ్ల స్త్రీలలో ఎక్కువ. రక్తనాళాల కాడ మెలిపడితే రక్తం అందక హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తుంది. అపెండిసైటిస్ అని పొరబడే ప్రమాదం ఉంది. డాప్లర్ అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్‌లతో తేలుతుంది. ప్లీహం బతికుంటే కుట్టి నిలుపుతారు (స్ప్లీనోపెక్సీ), చచ్చుబడితే తొలగిస్తారు (స్ప్లీనెక్టమీ). తొలగిస్తే న్యుమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి) టీకాలు తప్పనిసరి. పరీక్షకు చదివేవారికి ఈ టీకాల విషయమే కీలకం.

పెద్దాసుపత్రి ఇప్పుడు మరీ దూరం కాదు: మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మీ ఊళ్లో ఏ పిల్లకైనా ఇలాంటి నొప్పి వస్తే గ్యాస్ మాత్రతో సరిపెట్టకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.