పళ్ల డాక్టరంటే భయం: మందు లేని వైద్యం

పన్ను పుచ్చి, చెంప వాచి, రాత్రంతా ఏడ్చిన పిల్లవాడు తెల్లవారి ఆసుపత్రి గుమ్మం దగ్గర మొండికేస్తాడు. పెద్దవాళ్లు ఏడవరు. "ఇప్పుడు తగ్గిందిలే" అని లవంగం నమిలి ఊరుకుంటారు. డబ్బు లేక ఆగిన వైద్యానికి మన దాతల చేయి అందుతుంది. భయంతో ఆగిన వైద్యానికి విరాళం ఒక్కటే చాలదు.

ఈ భయానికి తనను తానే పెంచుకునే గుణం ఉంది. భయపడి వాయిదా వేస్తాం, చిన్న రంధ్రం వేరు దాకా పోతుంది. ఇక ఆగలేక వెళ్లేసరికి పన్ను పీకడమో, రూట్ కెనాలో తప్పదు. అనుకున్నంతా అయింది కనుక భయం రెట్టింపవుతుంది. నోరు చూసి డాక్టరు తిడతారేమోనన్న సిగ్గు దీనికి తోడు. ఇక "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అన్న బెదిరింపు వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్లలో ఎందరున్నారు?

ఉపాధ్యాయ శిక్షణలో మేమంతా పావ్‌లోవ్ కుక్క పాఠం చదువుకున్నవాళ్లమే. గంట మోగితే కుక్కకు నోరూరినట్టే, ఒకసారి బాధపడిన మనిషికి డ్రిల్లు చప్పుడు వినిపిస్తే చాలు, చేతులు చల్లబడతాయి. అలా నేర్చుకున్న భయాన్ని మరచిపోయేలా కూడా చేయవచ్చని 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు చూపించారు. పీటర్ అనే చిన్న పిల్లవాడికి కుందేలంటే హడలు. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా పంజరంలోని కుందేలును దూరంగా పెట్టి, తిండికి ఆటంకం కలగనంత మేరకే కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చేవారు. చివరకు కుందేలు వేళ్లు కొరికినా వాడు ఊరుకున్నాడు. మధ్యలో వాడికి జబ్బు చేసింది, ఒక పెద్ద కుక్క మీదికి దూకింది, పోయిన భయం మళ్లీ వచ్చింది. ఆమె మళ్లీ మొదలుపెట్టారు. మాకు ఈ చివరి సంగతే ముఖ్యంగా తోస్తుంది.

దక్షిణాఫ్రికా మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వెలువరించిన గ్రంథంలో దీన్నే పెద్దలకు పనికొచ్చే పద్ధతిగా మలిచారు. ముందు కండరాలు వదులు చేసుకోవడం, నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పుతారు. తరువాత భయాన్ని మెట్లుగా రాయిస్తారు. క్లినిక్ ముందు నుంచి నడిచి వెళ్లడం, లోపల బెంచీ మీద కూర్చోవడం, ఊరికే కుర్చీ ఎక్కి దిగడం, చిన్న అద్దం నోట్లో పెట్టించుకోవడం, డ్రిల్లు చప్పుడు వినడం, చివర మత్తు సూది. ఒక మెట్టు మీద గుండెదడ తగ్గాకే పై మెట్టు. ఈనాటి చికిత్సలో ఆలోచనలనూ పరీక్షిస్తారు. "మత్తు ఎక్కదు, ఊపిరాడదు" అనుకునేవారికి చెయ్యెత్తగానే డాక్టరు ఆగుతారని ముందే ఒప్పందం చేస్తారు. వైద్యులు ఆ మాట నిలబెట్టుకోవాలి, లేకుంటే అంతా వృథా. సూదినో రక్తాన్నో చూసి కళ్లు తిరిగి పడిపోయేవారికి మాత్రం మార్గం తలకిందులు: వారు కండరాలను వదులు చేయకూడదు, బిగించాలి. అప్పుడే రక్తపోటు పడిపోదు.

ఫలితాల సంగతికొస్తే, లండన్‌లోని కింగ్స్ కాలేజీ దంత వైద్య విభాగం ఇలా చికిత్స పొందిన 130 మంది వివరాలను 2015లో ప్రచురించింది. సగటున ఐదుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. నూటికి 79 మంది మగత మందు అవసరం లేకుండానే పళ్ల వైద్యం చేయించుకున్నారు. మగత మందు తప్పని చెప్పడం మా ఉద్దేశం కాదు, అత్యవసరమైతే వాడవలసిందే. కాని దానివల్ల ఆనాటి పని జరుగుతుంది, భయం మాత్రం మరుసటిసారికి అలాగే ఉంటుంది.

పిల్లల విషయంలో డాక్టర్లు ముందు చెప్పి, తరువాత చూపించి, ఆ తరువాతే చేస్తారు. తల్లిదండ్రులు "అసలు నొప్పే ఉండదు" అని అబద్ధమాడకపోతే చాలు. కాస్త చురుక్కుమంటుందని నిజం చెబితే పిల్లలు తట్టుకుంటారు. పెద్దవారిలో భయం మరీ ముదిరితే మానసిక నిపుణుల దగ్గరకు పంపాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

దాతలకు మా మనవి ఒక్కటే. వైద్య సహాయ దరఖాస్తులో నింపిన పళ్లకు, పీకిన పళ్లకు లెక్క రాస్తారు. ఏ పనీ చేయించుకోకుండా కుర్చీ ఎక్కి దిగివచ్చిన రోజుకు అందులో గడి ఉండదు. ఆ రోజుకీ ఆటో చార్జీ అవుతుంది, కూలికి వెళ్లే తల్లికి పని పోతుంది. అలాంటి నాలుగైదు రాకపోకల ఖర్చు రాసుకోవడానికి దరఖాస్తులో ఒక గడి పెట్టించండి.