ఒక్క సంవత్సరము – పెక్కు నామములు

నిత్యపూజకు ముందు చెప్పుకొను సంకల్పములో కలియుగ ప్రస్తావనయు, నడచుచున్న సంవత్సర నామమును తప్పక ఉండును. కాలము భగవంతుని విభూతి, అది ఒక్కటే. దానిని లెక్కించు విధములు మాత్రము పెక్కు.

గురుపరంపర ననుసరించి భగవద్రామానుజులు శ్రీపెరుంబూదూరున పింగళ నామ సంవత్సరమున, ఆర్ద్రా నక్షత్రమందు అవతరించిరి. అది గతకలి 4118, శాలివాహన శకము 939, క్రీస్తుశకము 1017. నూటయిరువది యేండ్లు వేంచేసియుండి వారు పరమపదించినదియు పింగళయందే. అది శకము 1059. నడుమ శకము 999లో మరియొక పింగళ వచ్చినది. అరువదియేండ్ల చక్రము మరల మరల తిరుగును గనుక, పేరు మాత్రము చూచినచో ఈ మూడింటిలో ఏదియో తెలియదు. పేరునకు అంకె తోడు కావలెను.

ఆ నడిమి పింగళనాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండెను. ఆరవ విక్రమాదిత్యుడు 1076లో పట్టమునకు వచ్చి తన పేర నూతన శకము నెలకొల్పెను. అందుచే ఆనాటి శాసనములలో చాళుక్య విక్రమ వర్షము కానవచ్చును. ఆ ఒక్క పింగళయే గతకలి 4178, శకము 999, ఔత్తరాహుల విక్రమ సంవత్సరము 1134, చాళుక్య విక్రమ వర్షము 2, క్రీస్తుశకము 1077–78. రెండు విక్రమములును ఒకటే యని భ్రమించినచో వేయేండ్లకు మించి పొరపాటు కలుగును.

లెక్క సులభము. శకసంఖ్యకు 3179 కలిపిన గతకలి. 78 కలిపిన క్రీస్తుశకము. సంవత్సరాంతమున జనవరి దాటిన దినములకు 79 కలుపవలెను. చాళుక్య విక్రమ వర్షమునకు 1075 కలుపవలెను. ఉత్తరదేశమున బృహస్పతి గతిని బట్టి నామము నిర్ణయింతురు గాన, కాశీయాత్రికులకు అచ్చట వేరొక సంవత్సర నామము వినబడును. అది దోషము కాదు, మానభేదము.

నిజాము పాలనలో రెవెన్యూ లెక్కలకు ఫసలీ వాడుకలో నుండెను. అక్టోబరులో మొదలగు ఆ సంవత్సరమునకు 590, జనవరి దాటిన పిదప 591 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1350 అనగా 1940–41.

గద్వాల చెన్నకేశవుని, శ్రీరంగాపురము రంగనాయకుని, సింగోటము నరసింహుని సేవించు కుటుంబములలో పూర్వుల కైంకర్యములను తెలుపు పాతకాగితము లుండవచ్చును. పేరు మాత్రమే చదివి అంకెను విడిచినచో తాత చేసిన కైంకర్యము మనుమనికి చెందును. తాత పేరు మరుగున పడును. కావున నేడు వ్రాసికొను వారు నామముతోపాటు శకసంఖ్యను కూడ వ్రాయుట మేలు. అది పెద్దలయెడ కృతజ్ఞత, రాబోవువారికి దీపము.