పేరు పలచబడితే...

"నోట్స్ జిరాక్స్ తీయించావా?" అని పరీక్షల ముందు అందరం అడుగుతాం. షాపులో ఉన్న మెషీన్ ఏ కంపెనీదైనా సరే, మనకది జిరాక్సే. మరి ఆ పేరు సొంతదారు సంగతేంటి? ఈ అనుమానంతో చదవడం మొదలుపెడితే 'డైల్యూషన్' అనే మాట తగిలింది.

డైల్యూషన్ అంటే పేరు పలచబడటం. పాలల్లో నీళ్లు కలిపితే పాలు ఎక్కడికీ పోవు, చిక్కదనం పోతుంది. ఇదీ అంతే.

మామూలు ట్రేడ్‌మార్క్ కేసులో అసలు ప్రశ్న ఒకటే: కొనేవాళ్లు పొరబడతారా? డైల్యూషన్‌కి ఆ పొరబాటు అక్కర్లేదు. మన దేశంలోనే ఒకాయన లోదుస్తులకు 'బెంజ్' అని పేరు పెట్టాడు. కార్ల కంపెనీ బనియన్లు కుడుతోందని ఎవరూ అనుకోరు. అయినా ఢిల్లీ హైకోర్టు ఆపమంది. అలా ప్రతివాళ్లూ వాడేస్తే బెంజ్ అనగానే కారు ఒక్కటే గుర్తురావడం ఆగిపోతుంది కదా!

తర్వాత వచ్చిన 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 29(4)లో దీన్ని రాసిపెట్టింది. రిజిస్టరైన పేరుకి ఇండియాలో మంచి గుర్తింపు ఉండాలి. అవతలివాళ్లు సరైన కారణం లేకుండా దాన్ని తమ వ్యాపారానికి వాడి అన్యాయంగా లాభపడాలి, లేదా ఆ పేరు ప్రత్యేకతకో పరువుకో దెబ్బ తగలాలి.

ఇంకో ప్రమాదం మన నోటినుంచే వస్తుంది. అందరూ వాడీ వాడీ పేరు మామూలు మాటైపోతుంది. అమెరికాలో బేయర్ కంపెనీ 'ఆస్పిరిన్'ని 1921లో ఇలాగే పోగొట్టుకుంది. 'ఎస్కలేటర్' 1950లో పోయింది. జిరాక్స్‌ని కూడా మన రిజిస్టర్ నుంచి తీసెయ్యమని ఒకరు అడిగారు. 2012లో ట్రిబ్యునల్ కుదరదంది. అన్నట్టు, మనం "జిరాక్స్ తియ్యి" అంటే నేరమేం కాదు. చట్టం పట్టుకునేది వ్యాపారంలో వాడకాన్ని.

మనలో స్టార్టప్ కలలున్నవాళ్లకి ఇందులో పనికొచ్చేది ఇదీ. కొత్త కంపెనీకి ఇంకా గుర్తింపు ఉండదు కాబట్టి 29(4) వెంటనే అక్కరకు రాదు. అందుకే మొదటే 'కొడాక్' లాంటి కల్పించిన పేరు పెట్టుకోవాలి. 'ఫాస్ట్ డెలివరీ' లాంటి వర్ణన ఎవరి సొత్తూ కాదు. రిజిస్టర్ చేసి పదేళ్లకోసారి రెన్యూ చేయించాలి. ట్రేడ్‌మార్క్స్ జర్నల్ చూస్తూ, మన పేరును పోలింది కనిపిస్తే నాలుగు నెలల్లోపు అభ్యంతరం చెప్పాలి. మన ప్రకటనల్లో పేరు పక్కన యాప్, సబ్బు, మెషీన్ అని వస్తువు మాట కూడా రాయాలి.

కోడ్‌కి బ్యాకప్ పెట్టుకుంటాం. పేరుకి బ్యాకప్ ఉండదు.