బొమ్మలు బాగా వేస్తుందని యూఎక్స్‌లో చేర్చేస్తారా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య ఒకే మాట పట్టుకుని వస్తున్నారు. “కోడింగ్ లేని సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంట గదా సార్, ఆరు నెలల కోర్సంట. మా పాప బొమ్మలు బాగా వేస్తుంది. బెంగళూరులో చేర్పించేదా?” హిందూపురంలో రైలెక్కితే వంద కిలోమీటర్లలో బెంగళూరు. అక్కడ ఏ కోర్సు మోజుగా ఉంటే ఏడాది తిరక్కుండానే మన వీధుల్లో దాని ఫ్లెక్సీ వెలుస్తుంది. ఇప్పుడు యాప్‌ల తెరలు డిజైన్ చేసే యూఐ, యూఎక్స్ వంతు వచ్చింది.

నా జవాబు: చేర్పించొద్దు. పని మంచిదే. మీరు ఎంచుకున్న దారే తప్పు.

ఫోన్లో కనిపించే ప్రతి తెర వెనుకా మూడు పనులుంటాయి. ఎలా ఉండాలో ఆలోచించి గీయడం, గీసినదాన్ని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తో కట్టడం, కట్టినది సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించడం. ఫ్లెక్సీల్లో మొదటిదే కనిపిస్తుంది. మిగతా రెండూ తెలియకుండా మొదటిది రాదని పట్టుచీరలు నేసే ధర్మవరం వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. లేపాక్షి గుడి స్తంభాల మీది లతను పట్టుచీర అంచు మీదికి తేవాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ దించాలి, ఆ గడుల ప్రకారం జకార్డు అట్టలు కొట్టాలి, అప్పుడు గాని మగ్గం ఎక్కదు. ఏ పోగు లేస్తుందో, ఏది లేవదో తెలియనివాడు గ్రాఫ్ గీస్తే ఆ బొమ్మ కాగితం మీదే ఉండిపోతుంది. గ్రాఫ్‌లో ఒక్క గడి తప్పితే అంచు పొడవునా అదే తప్పు మళ్లీ మళ్లీ పడుతుంది. తెరల పనీ అంతే.

మన భాష దగ్గరికే వద్దాం. బటన్ ఎత్తును ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి పెడతారు. అందులో ‘రద్దు’ అని రాస్తే కింది ఒత్తు సగం తెగిపోతుంది. ‘ఓకే’ ఉన్నచోట ‘నిర్ధారించండి’ పెడితే పక్క బటన్ మీదికి పోతుంది. ఇక పేర్లు. మన వైపు ఇంటిపేరును ఒక్క అక్షరంతో రాసుకునేవాళ్లు ఎందరో. ‘చివరి పేరు కనీసం మూడు అక్షరాలు ఉండాలి’ అని ఫారం మొరాయిస్తే ఆ మనిషి ఏం చేయాలి? 2018 ఫిబ్రవరిలో తెలుగులో ‘జ్ఞా’లా కనిపించే ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ పరీక్షలకూ చిక్కని తప్పు అది. తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చిన పిల్లలకు ఈ పనిలో చోటుందని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అందుకే నా మొగ్గు టెస్టింగ్ వైపు. “టెస్టింగా? డెవలపర్ కాలేనోళ్లు చేసేది గదా” అని ముఖం చిట్లించే తండ్రులను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఏది ఎక్కడ విరుగుతుందో వెతికి పట్టుకోవడం తెలివైన పని. ఇప్పుడు ఒక్క వాక్యం రాస్తే ఏఐ పనిముట్లు పది తెరలు గీసి ఇస్తున్నాయి. అందంగా గీయడం ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లకు రోజురోజుకూ కష్టం. ఆ పదింటిలో ఏది పనికిరాదో, ఎందుకు పనికిరాదో చెప్పగలిగినవాళ్లకు మాత్రం పని ఉంటుంది.

దీనికి కోచింగ్ అక్కర్లేదు. ఈ మాట పిల్లలకే చెబుతున్నా. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. మీ అవ్వ చేతికో పక్కింటి మేస్త్రీ చేతికో ఫోన్ ఇచ్చి, అందులో ఒక పని చేయమని చెప్పి, పక్కన కూర్చోండి. మీరు చెప్పకూడదు, తెర మీద వేలు పెట్టకూడదు. వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట దగ్గర మీ ముఖం వైపు చూశారో, ఓటీపీ కోసం మెసేజ్‌ల్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రాగలిగారో లేదో రాసుకోండి. ఐదుగురితో చేయిస్తే పెద్ద తప్పులు చాలావరకు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఐదుగురు మీ వీధిలోనే దొరుకుతారు. తర్వాత ఫోన్లో, తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని అదే పని మీరు చేసి చూడండి. రంగులూ చూసుకోండి. మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. లేత బూడిద రంగు అక్షరాల మోజు ఎందుకు తప్పో ఆ లెక్కతో అర్థమవుతుంది.

ఇక డబ్బు సంగతి. ‘ఉద్యోగం వచ్చాకే ఫీజు కట్టండి’ అన్నారంటే కాగితాలు తెప్పించుకుని ప్రతి పేజీ చదవండి. చాలాచోట్ల అది ఫీజు వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీలో మీ బిడ్డ పేరున తీసిన అప్పు. కోర్సు మధ్యలో మానేసినా, ఇన్‌స్టిట్యూట్ మూతపడినా ఈఎంఐ ఆగదు. కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు బ్యాంకులో చదువు రుణం అడిగినా ఇబ్బందే. ‘జాబ్ గ్యారంటీ’ కింద చిన్న అక్షరాల్లో ఏ జీతం, ఏ ఊరు, ఎన్ని ఇంటర్వ్యూలు అని ఉంటుందో చూడండి. టెలికాలర్ ఉద్యోగం చూపించి గ్యారంటీ తీరిందనేవాళ్లు ఉన్నారు.

ఇంకో ఉచ్చు అంతకన్నా చెడ్డది. కోర్సు అయ్యాక ‘రెండేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ ఇస్తాం’ అంటారు. ఒప్పుకోవద్దు. కంపెనీలు పీఎఫ్ వివరాలు చూసి వెరిఫికేషన్ చేస్తాయి. దొరికితే ఆ ఉద్యోగమే కాదు, పేరూ పోతుంది. ఇరవై రెండేళ్ల పిల్ల మెడకు ఆ బరువు కట్టకండి.

ఇంటర్ మొదటి ఏడాదిలోనే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్ కోచింగ్‌లో వేయాలని తొందరపడేవాళ్లూ ఉన్నారు. యూసీడ్‌ను ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఏ గ్రూపు ఇంటర్ వాళ్లైనా రాయొచ్చు, ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కూ అదే దారి. పాపకు నిజంగా ఇష్టముంటే రాయనివ్వండి. ఎంపీసీ, ఈఏపీసెట్ కోచింగ్ బరువు మీద దీన్ని మూడో మూటగా వేయకండి. నేనైతే దగ్గర్లోని కాలేజీలో తక్కువ ఖర్చుతో బీఎస్సీ కంప్యూటర్సో బీసీఏనో బీటెక్కో చేయించి, తర్వాత ఎండిజైన్ ప్రవేశ పరీక్ష సీడ్ రాయమంటాను. మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. ఇరవై ఏళ్లు దాటాక పిల్లకు తన మనసేమిటో తెలుస్తుంది.

కోర్సుకు దాచిన డబ్బులో కొంత పెట్టి మంచి ల్యాప్‌టాప్ కొనండి. తెరలు గీసే ఫిగ్మా విద్యార్థులకు ఉచితం. టెస్టింగ్ పనిముట్లు సెలీనియం, ప్లేరైట్ అందరికీ ఉచితం. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలకు రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. రోజూ రెండు గంటలు ఆమెను ఆమె పనికి వదిలేయండి, ‘జీతం ఎంతొస్తుంది’ అని నెలనెలా అడగకండి. డిగ్రీ చివరి ఏడాదికల్లా ధర్మవరం చీరల దుకాణం ఒకదానికి ఆర్డర్ పేజీ తానే గీసి, కట్టి, అమ్మేవాళ్ల చేతా కొనేవాళ్ల చేతా వాడించి, ఏం విరిగిందో, ఎలా సరిచేసిందో రెండు పేజీల్లో రాసుకుంటే, ఇంటర్వ్యూలో ముందు పెట్టాల్సింది ఆ రెండు పేజీలే.